పంపు మార్చే ముందు

పరాయి దేశంలో కార్ల షెడ్డులో మెకానిక్‌గా చేరిన కొత్తలో, భాష సరిగా రాక, కార్ల యజమానులు చెప్పేది నాకు సగమే అర్థమయ్యేది. అందువల్ల మాటకంటే కొలతను నమ్మడం అలవాటైంది. పాత కార్ల పెట్రోలు వ్యవస్థ దగ్గర ఆ అలవాటే నన్ను నిలబెట్టింది.

ఒక కారు అరగంట నడిచాక ఆగిపోయి, కాసేపు వదిలేస్తే మళ్లీ స్టార్టయ్యేది. మా దగ్గరికి వచ్చేసరికే దానికి పెట్రోలును ఇంజిన్‌కు చేర్చే పంపు, ఆ పెట్రోలును వడకట్టే ఫిల్టరు రెండూ మార్చి ఉన్నారు. ఇంజిన్ ఆగిన మరుక్షణం నేను ట్యాంకు మూత తిప్పగా, బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ట్యాంకుకు గాలి అందించే సన్నని గొట్టం మట్టితో పూడుకుపోయింది. పెట్రోలు ఖర్చయిన మేరకు గాలి చేరకపోతే లోపల ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు కొత్త పంపు కూడా లాగలేక చేతులెత్తేస్తుంది. అప్పటినుంచి నేను వెతుకులాట ట్యాంకు దగ్గరే మొదలుపెడుతున్నాను: అడుగున తుప్పు, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాత పంపుకు అందుతున్న వోల్టేజి. పంపును కారు బాడీకి కలిపే ఎర్త్ వైరు తుప్పుపట్టినా పంపు నీరసిస్తుంది, నింద మాత్రం పంపుకే పడుతుంది.

పెట్రోలు గొట్టాల విషయంలో నేను రాజీపడను. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ ఉన్న పాత కార్లలో పెట్రోలు ఒత్తిడి సాధారణంగా 0.2 నుంచి 0.4 బార్ (ఒత్తిడి కొలమానం) ఉంటే, పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో సుమారు 3 బార్ ఉంటుంది. కాబట్టి మొదటిదానికి చేసిన గొట్టాన్ని రెండోదానికి బిగించడం నిప్పుతో చెలగాటం. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాతకాలపు రబ్బరు చాలావరకు తట్టుకోలేదు, గట్టిపడి పగుళ్లిస్తుంది.

ఇంజెక్షన్ కారులో గొట్టం విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ఆపైన బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీస్తాను. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, షెడ్డులో కారు కింద నిలబడి పనిచేసే గుంతలోకి దిగి నిలిచిపోతుంది. అందుకే ఈ పని గుంతమీద ఎన్నడూ చేయను.

ఊడదీసిన గొట్టాన్ని యజమాని ముందే వంచి, నోరు తెరిచిన పగుళ్లను చూపిస్తాను. అక్కడ నా భాష చాలకపోవడమనే ఇబ్బంది ఇంతవరకు రాలేదు.