కోడెను కట్టేటప్పుడు మొక్కు ఎవరిది?

వేములవాడ రాజన్న దగ్గర మొక్కు వరుస తెలిసిందే. ధర్మగుండంలో స్నానం, కోడె పగ్గం పట్టుకుని గుడి చుట్టూ ప్రదక్షిణ, ఆపైన కోడెను కట్టేయడం. నడిచేవి రెండు ప్రాణాలు, మొక్కు ఒక్కరిదే.

వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో ‘కర్తా శాస్త్రార్థవత్త్వాత్’ (2.3.33) అని ఉంది. జీవుడు కర్త, అంటే పని చేసేవాడు, అయితేనే శాస్త్రానికి అర్థం. ‘ఇది చెయ్యి, అది మానెయ్యి’ అని ఎవరితో అంటాం? విని, ఆలోచించి, తేల్చుకోగలిగినవాడితోనే. గీత చివర కృష్ణుడూ అంతా చెప్పి, పూర్తిగా విచారించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యి అన్నాడు (18.63).

ఆ కర్తను నిలబెట్టేది సంకల్పం. మూడు ఆచమనాలు, ఒక్కోసారి మినపగింజ మునిగేంత నీరు చాలు. ప్రాణాయామం అయ్యాక కుడిచేత అక్షతలు పట్టి దేశకాలాలు, గోత్రం, పేరు, చేయబోయే పని చెప్పి, ‘కరిష్యే’ అంటూ నీళ్లతో పళ్లెంలో విడవాలి. తప్పులు ఇక్కడే దొర్లుతాయి. విశ్వావసు నామ సంవత్సరంలో అచ్చయిన పుస్తకం పట్టుకుని, తర్వాతి పరాభవలోనూ అదే సంవత్సరం పేరు చదువుతారు. వరంగల్‌కూ వేములవాడకూ సరిపోయే ‘కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే’ని ఆదిలాబాద్‌లోనూ అనేస్తారు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, అయ్యగారు ‘గోత్రః, నామధేయః’ అని ఆగినప్పుడు మనమూ ఆ రెండు మాటలే తిరిగి అప్పజెప్పడం. పేరే చెప్పకపోతే పూచీ ఎవరిది?

మరి బుద్ధి ఇంకా ఎదగనివారి సంగతి? అన్నప్రాశనకు ఆరు నెలల బాబు సంకల్పం చెప్పలేడు. ‘అస్య కుమారస్య’ అంటూ తండ్రి చెబుతాడు. పని తండ్రిది, ఫలం బాబుది. తన పేరే మరిచిపోయిన తాతకూ ఇంట్లోవాళ్లు గోత్రనామాలు పూర్తిగా చెప్పించి అర్చన చేయిస్తారు. కర్త కాలేనంత మాత్రాన ఎవరూ లెక్కలోంచి పోరు. మన ఆచారంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

కోడెనూ అలాగే చూడాలి. వైదిక కర్మలను విచారించే శాస్త్రమైన పూర్వమీమాంస ఆరో అధ్యాయం పశువుకు కర్మాధికారం, అంటే ఆ కర్మలు చేసే అర్హత, లేదంటుంది. కాబట్టి దానికి మొక్కూ లేదు, దోషమూ లేదు. పగ్గం పట్టిన చేతికి రెండూ ఉన్నాయి. శివరాత్రి రద్దీలో కోడె మొరాయిస్తే కొందరు తోక మెలిపెడతారు, ముక్కుతాడు గుంజుతారు. ముక్కు చీరుకుని పుండవుతుంది, బెదిరి జనం మీదికీ ఉరుకుతుంది. ఆ దోషం గుంజినవాడిదే. పగ్గం వదులుగా పట్టి, దాని భుజం పక్కనే, దాని నడకతోనే నడవాలి. కట్టేశాక అది మేత అందుకునేంత, పడుకోగలిగేంత తాడు వదిలి, నీళ్లు తాగిందో లేదో చూసుకున్నాకే దర్శనం వరుసలోకి వెళ్లాలి.