గోటి కొసంత సున్నం

పదకొండు దాటింది, ఈయన ఎప్పుడో పడుకున్నారు, నాకే నిద్ర పట్టట్లేదు. సాయంత్రం పక్కింటి మౌసీ ముందు ఈయన అన్న మాట ఇంకా లోపల గుచ్చుతోంది, రాసేస్తే పోతుందేమోనని ఫోన్ పట్టుకున్నాను.

పొద్దున్న అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చేసరికి పెరట్లో క్యాబేజీకని నేను సిద్ధం చేసుకున్న మడి తెల్లగా ఉంది. గేటు తీస్తుంటేనే ముక్కు మండే ఘాటు. నిన్న ఆ మడికి కోళ్ళ ఎరువు చల్లి ఉంచాను కదా, సరిగ్గా దాని మీదే ఈయన సున్నం దులిపేశారు. అదైనా నేను తెచ్చుకున్న సున్నపురాయి పొడి కాదు, బజార్లో గోడలకి వెల్ల వేసే సున్నం బస్తా తెచ్చి మరీ వేశారు. ఆ ఘాటు ఏంటి, అమ్మోనియా. అంటే నేను డబ్బులు పెట్టి కొన్న ఎరువులో నత్రజని నా కళ్ళముందే గాల్లోకి పోతోందన్నమాట. ముందు సున్నం వేసి మట్టిలో కలిపి, రెండు మూడు వారాలు ఆగి అప్పుడు ఎరువు వేసుకోవాలి, రెండూ ఒకేసారి పడకూడదు. ఎన్నిసార్లు చెప్పాను! అరిచాను, కాదనను, గట్టిగానే అరిచాను.

అప్పటికి ఏమీ అనలేదు. సాయంత్రం పక్కింటి మౌసీ టీకి వచ్చినప్పుడు అన్నారు, "ఈవిడ సున్నం మడికి వేస్తోందో కిళ్ళీకి రాస్తోందో తెలీదు మౌసీ, అంతా గ్రాముల లెక్క." మౌసీ పకపకా నవ్వేసింది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

గ్రాముల లెక్క ఎందుకు వేస్తానో అడగొచ్చు కదా. మట్టి పరీక్ష కార్డులో మా పెరడు పీహెచ్ 5.1 అని వచ్చింది, ఆ అంకె 7 కంటే ఎంత తగ్గితే మట్టి అంత పులుపు, ఆ పులుపు విరవడానికే సున్నం. కూరగాయలకి 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి. 5కి 6కి తేడా ఒకటే కదా అనుకుంటారు గానీ ఆ ఒక్క అంకెకి పులుపు పదింతలు. ఒడిశాలో మా రాయగడ వైపు కొండ నేలలు ఇంతే, ఎర్రమట్టి, ఏళ్ళ తరబడి వానలకి కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి మిగిలిన మట్టి, అందులో ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టుకుని వదలవు, మనం ఎంత ఎరువు వేసినా మొక్క నోటికి అందదు. పోయినేడు కాలీఫ్లవర్ ఆకులు తోకల్లా సన్నగా సాగిపోయి పువ్వే కట్టకపోతే నేను పురుగు అనుకుని మందు కొట్టాను. పురుగు కాదు, పులుపు నేలలో మాలిబ్డినం అనే పోషకం అందక అలా అవుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు.

సున్నపురాయి పొడి సెంటుకి రెండు కిలోలు, అదీ సాళ్ళలో వేసి మట్టిలో కలపమని చెప్పారు నాకు. మూడు సెంట్లకి ఆరు కిలోలు. సున్నపురాయి పొడి బలం 100 అనుకుంటే వెల్ల వేసే సున్నం 135 దాకా ఉంటుంది, నీళ్ళు పొయ్యకముందు కాల్చిన రాతి సున్నం అయితే 179. మాది ఇసక కలిసిన మట్టి, ఎక్కువైతే ఈసారి అటువైపు పోతుంది, ఇనుము, జింకు, బోరాన్ అందక ఆకులు పాలిపోతాయి. వేసినది మళ్ళీ ఏరలేం కదా.

కిళ్ళీ అన్నారు కదా, ఇందాకట్నించి మా నానమ్మే కళ్ళముందుంది. గుణుపురంలో మా ఇంటి అరుగు, మధ్యాన్నం భోజనాలయ్యాక ఆవిడ కాళ్ళు చాపుకుని కూచుని తమలపాకు చీర కొంగుకి తుడిచి, ఈనె తీసి, ఇత్తడి సున్నపుకాయ మూత తిప్పి గోటి కొసతో ఇంతే ఇంత తీసి రాసేది. నాకు ఏడో ఎనిమిదో ఏళ్ళు. నానమ్మ నోరు ఎర్రగా పండుతుంది, నాకు పండట్లేదని ఉక్రోషం. ఒకరోజు ఆవిడ కునుకు తీస్తుంటే సున్నపుకాయ ఎత్తుకెళ్ళి నూతి వెనక కూచుని, సున్నం ఎక్కువ రాస్తే ఎక్కువ ఎరుపొస్తుందని వేలితో పులిమేసి నోట్లో పెట్టుకున్నాను. ఇంక చూడండి, నాలుక, బుగ్గల లోపల అంతా భగ్గుమంది, ఏడవడానికి నోరు తెరిస్తే గాలి తగిలినా మంటే. మూడ్రోజులు చల్లటి చద్దన్నం, వెన్న, అంతే. వెన్న పూస్తూ నానమ్మ అంది, "తక్కువైతే పండదే గుంటా, ఎక్కువైతే పొక్కిపోద్ది. గోటి కొసే."

ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఈయన అన్నది తిట్టు ఎందుకవుతుంది? కిళ్ళీకి రాసినట్టే రాయాలి. మౌసీ నవ్వకపోయి ఉంటే నాకూ అంత తగిలేది కాదేమో. ఏమో, తగిలేదే. నలుగురిలో అన్నారు కదా.

ఇంకో సంగతి కూడా ఉంది. ఎన్నిసార్లు చెప్పాను అని పైన రాశాను గానీ, నిజంగా చెప్పానా? ఎరువు మీద సున్నం పడకూడదని అత్తగారికి చెప్పాను, చిన్నోడికి చెప్పాను. ఈయనకి చెప్పినట్టు ఎంత గుర్తు తెచ్చుకున్నా గుర్తు రావట్లేదు. నిన్న సాయంత్రం చెప్పింది వేరే. జూన్‌లో సగం మడికి సున్నం వేసి బొబ్బర్లు పెట్టాను కదా, నిన్న పీకితే సున్నం పడిన వైపు వేళ్ళకి గుత్తులు గుత్తులుగా బుడిపెలు, గోరుతో చిదిమితే లోపల గులాబీ రంగు, అంటే నత్రజని పట్టే పని జరుగుతోందన్నమాట, సున్నం పడని వైపు ఏవో నాలుగు, అవీ లోపల తెల్లగా. పరిగెత్తుకెళ్ళి ఈయన చేతిలో పెట్టి "చూడండి సున్నం ఏం చేసిందో" అన్నాను. అంత సంతోషంగా నన్ను చూసి ఎన్నాళ్ళయిందో. పొద్దున్నే బజారుకెళ్ళి బస్తా మోసుకొచ్చారంటే మరి ఎందుకు తెచ్చినట్టు?

అయినా మడి పాడయిందా లేదా అన్నది అలాగే ఉంది. పైన తెల్లగా కనిపించినంత వరకు ఎరువుతో సహా గీకి పక్కకి తీయిస్తాను. క్యాబేజీ నారుకి ఇరవై రోజులు దాటింది, ఎక్కువ ఆగితే ముదిరిపోతుంది, దాన్ని బొబ్బర్లు పీకిన మడిలోకి మార్చేస్తాను. తెల్లబడ్డ మడి రెండు మూడు వారాలు అలా ఉండనిచ్చి మళ్ళీ మట్టి పరీక్షకి ఇస్తాను, జానెడు లోతున నాలుగైదు చోట్ల తవ్వి కలిపి. అందులో బంగాళాదుంప మాత్రం పెట్టను, సున్నం ఎక్కువైన చోట దుంపకి గజ్జి పడుతుంది.

అన్నట్టు బస్తాలో ఇంకా ఎంత మిగిలిందో చూడలేదు. ఎంత వేశారని అడగనే లేదు నేను, కోపంలో. లేవగానే అదే అడగాలి.