అష్టభోగాలతో కొన్న కథ

నిన్న సాయంత్రం నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు వస్తూ సంచిలోని మా సినిమా కథ హక్కుల కాగితాలను మూడుసార్లు తడిమి చూసుకున్నాను. వాటి కోసం ఏడు నెలలు తిరిగాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది 48 లక్షల సినిమా. కొబ్బరితోట అమ్మగా వచ్చిన 18 లక్షలు నావి, మిగతా 30 లక్షలు ఫైనాన్షియరువి, నూటికి రెండు రూపాయల వడ్డీకి. సినిమాకు పరిశ్రమ హోదా ఇస్తున్నామని 1998లోనే ప్రకటించారు గాని, ఆ కబురు మా బ్యాంకు మేనేజరుకు ఇంకా అందినట్టు లేదు. రొయ్యల చెరువుకైతే చూద్దాం, సినిమాకైతే ఇల్లు తాకట్టు పెట్టండి అన్నారు. ఫైనాన్షియరు అంత మర్యాద కూడా పాటించలేదు. తాకట్టుగా నెగటివ్ హక్కులు, అంటే సినిమా మీద హక్కులు, రాయించుకుని, హార్డ్ డిస్కులు తన బీరువాలో పెట్టుకున్నాడు.

సినిమా పేరు నమోదు ఒక్కరోజు పని. సెన్సారు కూడా సాఫీగానే జరిగింది, పదమూడేళ్ళలోపు పిల్లలు పెద్దల సలహాతో చూడాలనే యూఏ 13+ ఇచ్చారు. బాతుల మంద సన్నివేశానికి జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలని మా కెమెరామన్ పట్టుబట్టబట్టి అక్కడ గట్టెక్కాం. ఆ బాతుల దృశ్యం చూసిన బయ్యరు, అంటే సినిమా కొని థియేటర్లలో ఆడించే ఆయన ఒకరు, వెస్టు ఏరియాకు, అంటే పశ్చిమ గోదావరికి, తానే తీసుకుంటానని చెప్పి, ఆ తరువాత ఫోను ఎత్తడం మానేశాడు. అది వేరే కథ.

అసలు దెబ్బ హైదరాబాదులో తగిలింది. ఓటీటీ సంస్థ ఒకటి కొంటానంది. వారి న్యాయవాది పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి. కథ హక్కుల పత్రం చూపించమంది. గర్వంగా తీసి ఇచ్చాను. 2019 మార్చిలో, వంద రూపాయల స్టాంపు కాగితం మీద, కథ రాసిన మాస్టారు స్వయంగా సంతకం చేసిన పత్రం అది. మా సెంటరులోని దస్తావేజు లేఖరి చేత రాయించాను. 1,500 తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పొలాల దస్తావేజులు రాస్తున్న చెయ్యి, తప్పు పోదని నమ్మాను.

ఆ అమ్మాయి చదవడం మొదలుపెట్టింది. "నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములనే అష్టభోగములతో సహా..." అని పైకే చదివి ఆగింది. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు తలలెత్తి చూశారు. లేఖరి మహాశయుడు పొలం అమ్మకం దస్తావేజులో సర్వే నంబరు తీసేసి, ఆ చోట కథ పేరు పెట్టాడు. నాలుగు వైపులా హద్దులు రాయలేదు, అంతవరకు నయం.

"సార్, మీరు ఈ కథలో పాతిపెట్టిన నిధులు కూడా కొనుక్కున్నారు. గడువు మాత్రం కొనలేదు" అంది. నవ్వు ఆపుకోవడానికి ఆమె పడిన పాట్లు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కు ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళే. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కరోనా వల్ల, డబ్బుల వల్ల మా షూటింగు సాగుతూ పోయింది. 2024 మార్చి దాటిపోయింది.

"పుత్ర పౌత్ర పారంపర్యంగా అని ఉంది కదా అమ్మా" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గు వేస్తుంది.

"వాదించవచ్చు సార్, గెలవవచ్చు కూడా. కానీ వాదన ఉన్న సినిమాను మా వాళ్ళు కొనరు."

సినిమాకు చట్టం దృష్టిలో కర్త నిర్మాతే, అంటే నేనే. ఆ మాటా చెప్పాను. సినిమా మీదే, అందులోని కథ సంగతే అడుగుతున్నాను అంది. నా దగ్గర సమాధానం లేదు.

మాస్టారు 2021లో పోయారు. హక్కు ఆయన ముగ్గురు పిల్లలది. రాజమహేంద్రవరంలో ఉన్న అమ్మాయి భోజనం పెట్టి, తెర మీద నాన్నగారి పేరు ముందు రావాలని మాత్రం అడిగింది. చిన్నవాడు కువైట్‌లో ఉన్నాడు. అక్కడి మన రాయబార కార్యాలయంలో అక్కగారి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున సంతకం చేసే అధికారం, రాసి పంపాడు. విదేశంలో రాసిన పవర్‌కు అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. నాకు ఆ సంగతి రెండున్నర నెలలు గడిచాక తెలిసింది. పరుగెత్తాను. రిజిస్ట్రారు కార్యాలయంలో గుమాస్తా కాగితం వదిలేసి హీరోయిన్ ఎవరని అడిగాడు.

పెద్దవాడు నరసాపురంలో ఉంటాడు. ఆయన వీధి అరుగు మీద నేను అయిదుసార్లు కూర్చున్నాను, లోపలికి రమ్మన్నది లేదు. మూడోసారి, ఇరుగుపొరుగు వింటూ ఉండగా, "మా నాన్న చేతిలో 10,000 పెట్టి కథ ఎత్తుకుపోయాడు, ఇప్పుడు సంతకం కావాలట" అన్నాడు. ఆ 10,000 ఇచ్చిన రోజు మాస్టారికి మేలు చేశానని ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను. అందుకేనేమో, ఆ మాటకు బదులు పలకలేకపోయాను. అలాగని ఆయన పుణ్యాత్ముడేమీ కాదు. తండ్రి బతికుండగా ఆ కథ ఒక్కసారి కూడా చదవలేదని చెల్లెలే చెప్పింది. చివరికి ముగ్గురికీ కలిపి రెండు లక్షలకు కుదిరింది. ఈ ఏడు నెలలకు వడ్డీ 4 లక్షల 20 వేలు. మొదటే ఒక వకీలుకు పదివేలు పారేసి ఉంటే సరిపోయేది.

కథ కొనేవారు ఏళ్ళు అంకెల్లో రాయించండి, ప్రపంచమంతా అని రాయించండి, ఎంత సొమ్మో, థియేటరు, టీవీ, ఓటీటీ, డబ్బింగు, రీమేకు అన్నీ విడివిడిగా రాయించండి. ఏడాదిలోగా వాడుకోకపోతే హక్కు పోతుందనే మెలిక కూడా అదే సెక్షనులో ఉంది, అది వర్తించదని రాసుకోవాలి. పాటల వారితో ఒప్పందం ఇంకా జాగ్రత్తగా రాయించాలి, 2012 సవరణ తరువాత రాయల్టీ వారిని వదిలి పోదు. పొలం దస్తావేజులు రాసేవారి దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ఎంత తెలిసినవారైనా సరే.

కొత్త ఒప్పందం పదకొండు పేజీలు. నిన్న పెద్దవాడు చివరి పేజీ మీద సంతకం పెట్టి, మొదటి ఆట ఎక్కడ వేస్తున్నారని అడిగాడు. పాలకొల్లులో అన్నాను. నాలుగు టిక్కెట్లు పంపమన్నాడు.

ఓటీటీ వారి మొదటి విడత వచ్చే నెల వస్తుంది. అది నేరుగా ఫైనాన్షియరు ఖాతాకే పోతుంది. అలా పోవడానికి ఒప్పుకుంటూ ఈ ఉదయం ఇంకో కాగితం మీద సంతకం పెట్టాను, ఈసారి చదివి.