వాసన కడుపులోది కాదు, చిగుళ్ల సందుల్లోది

నోరు వాసనొస్తోందంటే అందరూ చెప్పేది కడుపులో వేడి అనే. నేనూ గ్యాస్ మాత్రలు మింగాను, సోంపు నమిలాను. చాలామందిలో ఆ కంపు పుట్టేది నోట్లోనే. సోంపు దాన్ని కాసేపు కప్పెడుతుంది, అంతే.

ఎక్కడిదో తేల్చుకోడానికి రెండు పనులు చాలు. నాలుక వెనక భాగాన్ని చెంచాతో గీకి, కొన్ని సెకన్లాగి వాసన చూడాలి. తర్వాత దవడ పళ్ల సందుల్లో ఫ్లాస్ దారం లాగి, ఒక్కో సందు తర్వాత దాన్నీ చూడాలి. నా నాలుక బాగానే ఉంది. కింద కుడివైపు ఆఖరి రెండు పళ్ల మధ్య నుంచి వచ్చిన దారం మాత్రం నెత్తురంటుకుని, కుళ్లిన గుడ్డు కంపు కొట్టింది. గాలి ఆడని చోట బతికే బ్యాక్టీరియా ప్రొటీన్లను విరగ్గొట్టి వదిలే గంధకపు వాయువులవి.

చిగురుకీ పంటికీ మధ్య లోతు 3 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. పళ్ల డాక్టరు కొలిస్తే నాకు అక్కడ 5 ఉంది. అంత లోపలికి బ్రష్ కుచ్చు పోదు, గార దిగుతుంది. క్లీనింగ్ చేశాక మత్తిచ్చి చిగురు కింద వేరు మీది గార కూడా తీశారు. క్లీనింగ్‌తో పళ్లు కదిలిపోతాయన్నది ఉత్త భయం. వాపు తగ్గేసరికి గార పూడ్చిన సందులు బయటపడతాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకి జివ్వుమంటుంది.

రెండు వారాలు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిముల్ని చంపే పుక్కిలింత మందు) వాడమన్నారు: 10 మిల్లీలీటర్లు, నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. పేస్టుతో తోముకున్న అరగంట తర్వాతే, లేకపోతే పేస్టులోని నురగ పదార్థం మందు పనిని తగ్గిస్తుంది. నెలలకొద్దీ వాడితే పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి, టీ తాగేవాళ్లకి ఇంకా త్వరగా.

అసలు పనిచేసింది సందుల్లో దూర్చే చిన్న బ్రష్. కాస్త బిగువుగా పోవాలి, బలవంతంగా తోయకూడదు. మొదటి వారం నెత్తురొస్తుంది. అది చూసి మానేయడమే పెద్ద తప్పు, ఎందుకంటే ఆ నెత్తురు వాపుది. నాలుకబద్దతో వెనక నుంచి ముందుకి నాలుగైదుసార్లు మెల్లగా లాగితే చాలు. ఊపిరి వదులుతూ లాగితే వాంతి రాదు.

మూడు నెలలకి లోతు 3కి దిగింది, దారానికి వాసన పోయింది. పొద్దున లేవగానే కొంచెం ఉంటుంది. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కదా. నోరు ఎండగొట్టే అలర్జీ మాత్ర సెట్రిజిన్ వేసుకున్న రాత్రి ఇంకాస్త ఎక్కువ.

నాలుకా దారమూ రెండూ శుభ్రంగా ఉండి కూడా వాసనొస్తుంటే టాన్సిల్స్‌లో తెల్లటి రాళ్లున్నాయేమో చెవి ముక్కు గొంతు డాక్టరుతో చూపించుకోవాలి. షుగరున్న వాళ్ల నోట్లో మాగిన పండు వాసనొచ్చి, వాంతులూ ఆయాసమూ ఉంటే మాత్రం పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి.