ఇసుక ట్రేలో నదికి వంపు రావడానికి ఏడు రన్‌లు పట్టింది

ఇంట్లో ఒక బుల్లి నదిని పారించాలన్న పిచ్చి నాకు చాలాకాలంగా ఉంది. ఇసుక, నీళ్లు, కాస్త వాలు ఉంటే చాలనుకున్నా. నాకు కావాల్సింది మెలికలు తిరుగుతూ పారే నది. తీరా చూస్తే వాలు, నీళ్లు ఎన్ని రకాలుగా మార్చినా మెలిక రాలేదు. ఏడు వారాల నోట్‌బుక్‌లోంచి పనికొచ్చేవి ఇక్కడ పెడుతున్నా. నీళ్లు వదిలి చూసిన ఒక్కో ప్రయత్నాన్నీ రన్ అంటున్నా.

సెటప్

ట్రే పొడవు 120 సెం.మీ., వెడల్పు 50, లోతు 12. పై చివర కింద 2 సెం.మీ. మందమున్న చెక్క ముక్క పెట్టా, అంటే వాలు 1.7 శాతం దాకా వచ్చింది. ఇసుక 4 సెం.మీ. మందాన పరిచా. చూడ్డానికి తక్కువే గానీ పొడిగా ఉన్నప్పుడే నలభై కిలోలకు దగ్గర్లో ఉంటుంది, తడిస్తే ఇంకా బరువు. సన్న కాళ్ల టేబుల్ మీద పెట్టకండి. నేను పెట్టా. రెండో రోజు టేబుల్ ఒక పక్కకి ఒరిగితే మొత్తం నేల మీదికి దించాను.

కింది చివర ఒక కన్నం, దాని కింద బకెట్, అందులోంచి నీళ్లు మళ్లీ పైకి పంపడానికి చేపల తొట్టె పంప్. ఒక్క బకెట్ సరిపోదు. మొదటి బకెట్లో ఇసుక అడుక్కి దిగాలి, పైన తేరిన నీళ్లు పొర్లి రెండో బకెట్లో పడాలి, పంప్ ఆ రెండో దాంట్లో ఉండాలి. నీళ్ల ధార కొలవడానికి మీటర్ అక్కర్లేదు. లీటరు మగ్గు 40 సెకన్లలో నిండేలా ట్యాప్ తిప్పుకుంటే నిమిషానికి లీటరున్నర.

రన్ 1, రన్ 2

రెండూ పాడయ్యాయి. ఇసుక కడగలేదు. సన్నని మట్టంతా నీళ్లలో కలిసి, టీ రంగు నీళ్ల కింద ఏం జరుగుతోందో కనపడలేదు. గంటన్నరకి పంప్ బిగుసుకుపోయింది. ఇసుకని బకెట్లో పోసి, కలిపి, పై నీళ్లు వంచేస్తూ ఆరేడుసార్లు కడిగితే గానీ తేట నీళ్లు రాలేదు. ఇంకొకటి, పైపు నీళ్లు నేరుగా ఇసుక మీద పడితే అక్కడే గొయ్యి పడుతుంది. ఒక స్పాంజి, దాని ముందు గుప్పెడు గులకరాళ్లు పెడితే నీరు నెమ్మదిగా జారుతుంది.

రన్ 3, రన్ 4

స్కేలుతో 4 సెం.మీ. వెడల్పు, 1.5 సెం.మీ. లోతున తిన్నని కాలువ గీసి నీళ్లు వదిలా. పది నిమిషాలకే గట్లు కూలడం మొదలైంది. మొహం దగ్గరగా పెట్టి చూస్తే భలే ఉంటుంది: ముందు గట్టు అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటిగా జారిపోతాయి, పైభాగం చూరులా గాల్లో నిలుస్తుంది, తర్వాత వెనకాల వెంట్రుకంత పగులు కనిపిస్తుంది. అంతే, రెండు వేళ్ల వెడల్పు ముక్క ఒక్కసారిగా నీళ్లలోకి వాలిపోతుంది. ఆ ముక్క ఎదురుగా చిన్న తిన్నెగా నిలిచి నీటిని అవతలి గట్టు మీదికి తోస్తుంది, ఇక ఆ గట్టు వంతు.

నలభై నిమిషాల్లో కాలువ వెడల్పు 17 సెం.మీ., లోతు మూడు నాలుగు మి.మీ. ఒకే ధార పోయి నాలుగు పాయలు, మధ్యలో తిన్నెలు. నాలుగో రన్‌లో వాలు 1 శాతానికి తగ్గించి, ధార సగం చేశా. అదే కథ, కాకపోతే నెమ్మదిగా. ఇసుక గట్టుకి పట్టు లేదు. పక్కకి కోసుకోవడం తేలికైనప్పుడు నీరు లోతుగా ఎందుకు పారుతుంది?

గట్టుకి పట్టిచ్చేవి వేళ్లే కదా అని అప్పుడు వెలిగింది. ఈ ఆలోచన నాకంటే ముందే వచ్చినవాళ్లున్నారు. 2009లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ పరిశోధకులు పెద్ద ఇసుక మైదానంలాంటి ఫ్లూమ్‌లో (నీళ్లు పారించి చూసే ప్రయోగాల కాలువ) ఆల్ఫాల్ఫా మొలకలు పెంచి, నిలకడగా మెలికలు తిరిగే నదిని తెప్పించారు. ఆల్ఫాల్ఫా అంటే మనవాళ్లు లూసర్న్ గడ్డి అంటారే, అదే. నా దగ్గర ఆ విత్తనాలు లేవు గనక ఆవాలతో సరిపెట్టా.

రన్ 5 (తొందరపడి చెడగొట్టింది)

ఆవాలు చదరపు సెం.మీ.కి రెండు మూడు పడేలా చల్లి, స్ప్రే బాటిల్‌తో తడుపుతూ మూడో రోజుకే నీళ్లు వదిలా. పైన పచ్చగా కనపడితే మురిసిపోయా. వేరు సెంటీమీటరు కూడా లేదు. కాలువ లోతు 1.5 సెం.మీ. కదా, నీరు వేళ్ల కిందనుంచి గట్టుని తవ్వేసి, మొలకల చాపని చాపలాగే ఎత్తుకుపోయింది. వేరు కాలువ అడుగు దాటి దిగాలి. ఆ తర్వాతి విడతలో ఎనిమిది రోజులు ఆగా. నీళ్లు మరీ ఎక్కువ కొడితే బూజు పడుతుంది, పైగా పైనే తడి దొరికితే వేరు కిందికి దిగే శ్రమ పడదు. అందుకే ట్రే అడుగున మాత్రం నీరు నిలిపి, పైన రోజుకి ఒక్కసారే స్ప్రే చేశా.

ఆ ఎనిమిది రోజుల కాలక్షేపం

నీళ్లలో నానబెట్టిన ఇటుక ముక్కని రోజూ రాత్రి ఫ్రీజర్లో పెట్టి పొద్దున తీశా. నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. ఆరో రోజుకి అంచులు పెచ్చులూడాయి. ఎండబెట్టి పెట్టిన రెండో ముక్క చెక్కుచెదరలేదు. ఇది చూశాక 1936లో అమెరికా భూశాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ చేసిన పని గుర్తొచ్చింది. గ్రానైట్ రాయిని 89,400 సార్లు వేడి చేసి చల్లార్చాడాయన. రోజుకొకసారి లెక్కన 244 ఏళ్లు. పొడిగా చేసినంతసేపూ రాయికి ఏమీ కాలేదు. చల్లార్చడానికి నీళ్లు వాడాక మాత్రం చాలా తక్కువ సార్లకే పగుళ్లు కనిపించాయి. ఎండకి రాళ్లు పగులుతాయని చిన్నప్పుడు చదువుకున్నాం గానీ, అసలు దొంగ తడి అన్నమాట.

గాజు సీసాలో ఇసుక, మట్టి పొరలు పొరలుగా వేసి నాలుగు వానపాముల్ని కూడా వదిలా. మూడు వారాలకి పొరల గీత చెదిరిపోయింది. ఇంగ్లాండులో చాలాచోట్ల ఎకరానికి ఏడాదికి 10 టన్నులకు పైగా మట్టిని అవి పైకి తెస్తాయని 1881లోనే డార్విన్ లెక్కగట్టాడు. నా నాలుగు పాములకి అంత పని చెప్పలేదు. తర్వాత కుండీలోకి వదిలేశా.

రన్ 6

నీరు పడే చోట పైపుని 30 డిగ్రీలు పక్కకి తిప్పా, మొదటి వంపుకి ఊతంగా. ఈసారి గట్టు నిలబడింది! అడుగున ఇసుక కోసుకుపోయినా తెల్లని వేళ్లు గడ్డంలా వేలాడుతూ పైభాగాన్ని పట్టుకున్నాయి. కూలడం ఆగలేదు గానీ బాగా నెమ్మదించింది. బయటి గట్టు కోసుకుపోతుంటే లోపలి వైపు తిన్నె పెరుగుతోంది. మూడు గంటలకి వెడల్పు 6 సెం.మీ. దాటలేదు. సంబరపడి అందర్నీ పిలిచి చూపించా. భోంచేసి వచ్చేసరికి నీరు తిన్నె వెనకాల ఉన్న పల్లంలోంచి అడ్డదారి తీసి, నా వంపుని వదిలేసి తిన్నగా పారుతోంది.

రన్ 7

ఆ బర్క్‌లీ ప్రయోగంలోనూ ఈ చిక్కు వస్తుందని వాళ్లకి తెలుసు. తిన్నెకీ ఒడ్డుకీ మధ్య పల్లాన్ని పూడ్చడానికి తేలికైన సన్నని ప్లాస్టిక్ రేణువుల్ని నీళ్లతో పంపారు. నాకు ప్లాస్టిక్ వాడాలనిపించలేదు. ఇసుక కడిగినప్పుడు పారేయబోయి పక్కన పెట్టిన సన్నమట్టి ఉంది కదా! దాన్ని పది నిమిషాలకొక చెంచా చొప్పున పై చివర కలిపా. పల్లంలో నీరు నిదానంగా ఉంటుంది గనక మట్టి అక్కడే దిగింది. రోజుకి మూడు గంటల చొప్పున నాలుగు రోజులు నడిపితే వంపు తెగలేదు, పైగా కిందికి 5 సెం.మీ. జరిగింది. రెండో వంపు దానంతటదే పడింది. మొదటి రెండు రన్‌లనీ పాడుచేసిన మట్టే దీన్ని నిలబెట్టింది.

దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందట మొక్కలు నేలమీద విస్తరించకముందు, నదుల్లో ఎక్కువ భాగం నా మూడో రన్‌లా వెడల్పుగా, పాయలుగా పారేవని రాతిపొరలు చదివేవాళ్లలో చాలామంది అంటారు. వేళ్లు గట్లని పట్టడమే కాదు, రాతిని బంకమట్టిగా మార్చడంలోనూ మొక్కల చెయ్యి ఉంది. అయితే అంగారకుడి మీద కూడా పాత నదుల మెలికల జాడలున్నాయి. అక్కడ ఆవాలు చల్లిందెవరు? పట్టు ఉంటే చాలు, అది వేరుదే కానక్కర్లేదేమో.

అందుకే ఎనిమిదో రన్‌కి మొలకలు లేవు. ఇసుకలో పదోవంతు బంకమట్టి కలిపి, తడిపి, రెండు రోజులుగా ఆరబెడుతున్నా. పైన సన్నగా నెర్రెలు వస్తున్నాయి. గోనెసంచి తడిపి కప్పా.