ఏ అక్షరంతో రాసే పేరు?

జపనీస్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన కొత్తలో, "అకిరా అనే పేరుకు అర్థమేమిటి?" అని మా ఉపాధ్యాయురాలిని అడిగాను. ఆమె "ఏ అక్షరంతో రాసే అకిరా?" అని తిరిగి నన్నే అడిగి, ఎడమ అరచేయి చాచి, కుడి చూపుడు వేలితో దానిపై ఒక కంజి, అంటే అర్థాన్ని సూచించే అక్షరం, గీశారు. ఒక పక్క సూర్యుడు, మరో పక్క చంద్రుడు, రెండూ కలిస్తే వెలుగు. వెంటనే మరొకటి గీశారు: పైన సూర్యుడు, కింద కాంతి. రెండూ అకిరాలే.

జపాన్‌లో పేరుకు అర్థం పలుకులో కాక రాతలో ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. యుకి అన్న పేరునే మంచు అనే అక్షరంతోనూ, సంతోషం అనే అక్షరంతోనూ, "ఆశ ఉంది" అని స్ఫురించే రెండక్షరాలతోనూ రాయవచ్చు. అందుకే ఫోనులో పేరు చెప్పేవారు "కెన్‌కో అనే మాటలోని కెన్", అంటే ఆరోగ్యం అనే పదంలోని అక్షరమని, విడమరచి చెబుతారు.

బిడ్డ పుట్టిన 14 రోజులలోగా జననాన్ని నమోదు చేయించాలి. నిత్య వ్యవహారానికి నిర్ణయించిన 2,136 కంజీలు, పేర్ల కోసం అదనంగా అనుమతించిన 863 కంజీలు, వీటికి తోడు పలుకును మాత్రమే సూచించే హిరగానా, కతకానా లిపులు మాత్రమే తల్లిదండ్రులకు అందుబాటులో ఉంటాయి. అర్థం శుభంగా ఉంటే చాలదని, అక్షరాల్లోని గీతల సంఖ్యను కూడా లెక్కించి చూసుకునేవారున్నారు. ఏడవ రాత్రి జరిపే ఒషిచియా వేడుకలో పేరును కుంచెతో కాగితంపై రాసి ఇంట్లో అందరికీ కనబడేలా ఉంచే ఆచారం నాకు ఎంతో ఇష్టం.

ఒక్క అక్షరం మోయగలిగిన బరువు, తరువాతి కాలంలో జపాన్‌ను ఏలిన షోగన్ (సైనిక పాలకుడు) తోకుగావా ఇయెయసు జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. చిన్ననాట తకెచియోగా పిలిచిన ఆయనకు, యుక్తవయస్సు వేడుక నాడు ఆయన ప్రభువు ఇమగావా యోషిమోతో తన పేరులోని "మోతో" అక్షరాన్ని ప్రసాదించాడు. 1560లో ఒకెహజామా యుద్ధంలో యోషిమోతో మరణించిన తరువాత, అప్పటికి మోతోయసుగా ఉన్న ఆయన 1563లో ఆ అక్షరాన్ని వదిలి ఇయెయసు అయ్యాడు. ఇమగావా వంశంతో బంధం తెగిందని చెప్పడానికి అంతకంటే బలమైన మాట అవసరం లేకపోయింది.

కుటుంబ నమోదు పత్రమైన కొసెకిలో సైతం ఇటీవలి దాకా అక్షరాలే ఉండేవి, వాటిని ఎలా పలకాలో ఉండేది కాదు. 2025 మే 26 నుండి అమలైన సవరణతో ఆ ఉచ్చారణను కూడా చేరుస్తున్నారు. అది ఆ కంజీలకు సాధారణంగా అంగీకరించే పలుకై ఉండాలన్న నియమం కూడా వచ్చింది. నమోదు చేయబోయే ఉచ్చారణ ఇదేనంటూ స్థానిక కార్యాలయాలు ఇంటింటికీ లేఖలు పంపాయి, తప్పుంటే తెలియజేయడానికి ఏడాది గడువిచ్చాయి.