హెరాల్డ్‌కు జంట ఎస్‌యూలు: హనుమకొండ షెడ్డులో నాలుగు నెలల పని

నవంబర్

నా స్టాండర్డ్ హెరాల్డ్ కారు బాడీ పని, బ్రేకుల పని పోయిన ఏడాదే ముగిశాయి కాబట్టి ఈ చలికాలాన్ని పూర్తిగా ఇంజిన్‌కే కేటాయించాను. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లోని 948 సీసీ ఇంజిన్, ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారులోని 1147 సీసీ ఇంజిన్ ఒకే వంశానికి చెందినవి. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 76 మిల్లీమీటర్లే. బోరు (సిలిండర్ వ్యాసం) మాత్రం 63 నుంచి 69.3 మిల్లీమీటర్లకు పెరిగింది. స్పిట్‌ఫైర్‌కు పెట్రోలును గాలితో కలిపే ఎస్‌యూ హెచ్‌ఎస్2 కార్బ్యురేటర్లు రెండు, 63 హార్స్‌పవర్. నా కారుకు ఒకే ఒక సోలెక్స్ కార్బ్యురేటర్. ఆ 63లో బోరు, క్యామ్‌షాఫ్ట్, కంప్రెషన్ వాటాయే ఎక్కువ కనుక కార్బ్యురేటర్లు మార్చినంత మాత్రాన అంత బలం వస్తుందని నేను అనుకోలేదు.

కొత్తవి కొనడానికి ముందు పాత సోలెక్స్‌ను సరిచేయడం అవసరమనిపించింది, ఎందుకంటే పాడైన దానితో పోల్చి చూస్తే ఏది పెట్టినా మెరుగైనట్టే కనిపిస్తుంది. థ్రాటిల్ స్పిండిల్‌ను, అంటే గాలి తలుపును తిప్పే ఇరుసును, వేళ్లతో కదిపితే స్పష్టంగా ఊగింది. ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలవకపోవడానికి జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) కారణమని ఏడాదిగా భ్రమపడ్డాను గానీ, అసలు కారణం ఆ సందులోంచి దూరే గాలి. ఆటోనగర్‌లోని లేత్ మేస్త్రి దాన్ని చూసి, "సారూ, జెట్లు ఎన్ని మార్చినా ఇది గిట్లనే గాలి గుంజుతది, ముందుగాల బుష్ ఏయిద్దాం" అన్నాడు. బుష్ (ఇరుసు చుట్టూ బిగించే తొడుగు) వేసి, కొత్త గాస్కెట్లు పెట్టి, కరీంనగర్ రోడ్డు మీద హసన్‌పర్తి దాటాక నాలుగో గేరులో 50 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి ఎంత సమయం పడుతుందో కొలిచాను. మరమ్మతుకు ముందు 18 సెకన్లు, తరువాత 16. రెండు వైపులా నడిపి తీసిన సగటు ఇది. ఇక ముందు ఏ మార్పు చేసినా ఈ 16తోనే పోల్చాలని నిర్ణయించుకున్నాను.

డిసెంబర్

ఎంపిక విషయంలో మిత్రులందరూ రెండు గొంతుల (గాలి దారుల) కార్బ్యురేటర్ అయిన వెబర్ 40 డీసీఓఈ వైపే మొగ్గారు. దాని అందం, దాని శబ్దం నాకూ ఇష్టమే. అయితే ఈ ఇంజిన్ హెడ్‌కు (సిలిండర్ల పై మూతకు) లోనికి వెళ్లే దారులు రెండే ఉన్నాయి; ఒకటి మొదటి రెండు సిలిండర్లకు, మరొకటి చివరి రెండింటికి. ప్రతి సిలిండర్‌కు విడి దారులున్న ఎనిమిది పోర్టుల హెడ్ 1296 సీసీ ఇంజిన్‌తో గానీ రాలేదు. వెబర్ గొప్పతనమంతా ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొంతు ఇవ్వడంలో ఉంది. ఇద్దరికి ఒకే తలుపు ఉన్న చోట ఆ గొప్పతనం సగానికి పైగా వృథా అవుతుంది. ఇంకా ఒక లెక్క వేసుకున్నాను. 5000 ఆర్‌పీఎం దగ్గర ఈ ఇంజిన్ పూర్తిగా నిండినా నిమిషానికి పీల్చే గాలి దాదాపు 2370 లీటర్లు. నిజానికి అంతకంటే తక్కువే. ఇంత చిన్న ఊపిరికి పెద్ద గొంతు ఇస్తే గాలి వేగం పడిపోయి, ఊరి రద్దీలో కారు తడబడుతుంది.

ఎస్‌యూ పద్ధతి వేరు. ఇంజిన్ అడిగినంత మేరకే కార్బ్యురేటర్‌లోని పిస్టన్ పైకి లేచి గొంతును వెడల్పు చేస్తుంది, దానికి బిగించిన సూది జెట్టులో ఎంత లేస్తే అంత పెట్రోలు వస్తుంది. అందుచేత కాస్త పెద్దదైనా తక్కువ వేగంలో ఇబ్బంది పెట్టదు. ఇదే 948 సీసీ ఇంజిన్‌కు హెరాల్డ్ కూపేలో ట్రయంఫ్ వారు కూడా రెండు ఎస్‌యూలే పెట్టారు. రెండు దారులకు రెండు కార్బ్యురేటర్లు సరిగ్గా అమరుతాయి కాబట్టి 1¼ అంగుళాల హెచ్‌ఎస్2 జంటనే, దానికి తగిన మానిఫోల్డ్‌తో (ఇంజిన్‌కు కలిపే గొట్టాలతో) సహా, పాతవి కొన్నాను. బరువు వల్ల పోస్టు ఖర్చు, దాని మీద సుంకం కలిసి మొత్తం ధర అనుకున్నదానికంటే చాలా పెరిగింది. ఈ పని తలపెట్టేవారు ఆ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

జనవరి

ఈ కారు బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు వాలుతుంది కాబట్టి టైరు మీద కూర్చుని హాయిగా పనిచేసుకోవచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే నేను హెరాల్డ్‌ను వదలలేకపోతున్నానేమో.

మొదటి వారమంతా ఒకే తప్పుతో గడిచింది. ముందు కార్బ్యురేటర్ పిస్టన్ ఎత్తి వదిలితే టక్కుమని పడాలి. నాది మెత్తగా ఆగిపోయేది. పిస్టన్ కదిలే గిన్నెలో మురికి అనుకుని నాలుగుసార్లు కడిగాను. సూది జెట్టు గోడకు రాసుకుంటున్నదని తరువాత తెలిసింది. జెట్టు కింది లాక్ నట్టు వదులు చేసి, పిస్టన్‌ను పై నుంచి నెమ్మదిగా అదిమి, జెట్టు మధ్యకు వచ్చాక మళ్లీ బిగించినప్పుడు ఆ శబ్దం వినిపించింది.

ట్యూనింగ్‌కు జెట్టును పైఅంచుకు సమంగా తెచ్చి, అక్కడి నుంచి నట్టును పన్నెండు ముఖాలు, అంటే రెండు చుట్లు, కిందికి తిప్పి మొదలుపెట్టాను. నట్టు కిందికి దిగితే మిశ్రమం చిక్కనవుతుంది, పైకి వెళితే పలచనవుతుంది. రెండు గొంతులూ సమంగా పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక రబ్బరు గొట్టం చివర చెవి దగ్గర, మరొక చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి బుసను పోల్చాను. తరువాత పిస్టన్‌ను దాదాపు 0.8 మిల్లీమీటర్లు ఎత్తి చూడాలి: వేగం పెరిగి అలాగే ఉంటే చిక్కన, క్షణం పెరిగి మామూలైతే సరి, పడిపోతే పలచన. నా ఇంజిన్ మొదట ఆగిపోయింది. ఇథనాల్ కలిపిన పెట్రోలుకు గాలి తక్కువ కావాలి, అంటే అదే జెట్టుతో మిశ్రమం పలచబడుతుంది. ఐడిల్ దగ్గర ఆ లోటును నట్టు తీర్చింది గానీ వేగంలో తీరలేదు. సూదిని ఒక మెట్టు చిక్కని రకానికి మార్చాల్సి వచ్చింది. ఆ ఇథనాల్ దెబ్బకే మెత్తబడిన పాత పెట్రోలు గొట్టాలను కూడా తీసేశాను.

యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఇంజిన్ దగ్గేది. అందుకు కారణం డ్యాష్‌పాట్లు, అంటే పిస్టన్ కుదుపును అదుపు చేసే నూనె గొట్టాలు, ఎండిపోవడమే; 20 గ్రేడు నూనె పోయగానే ఆ దగ్గు పోయింది.

ఫిబ్రవరి

అదే రోడ్డు, అదే గేరు, ట్యాంకులో దాదాపు అంతే పెట్రోలు: సగటు 14 సెకన్లు. అంటే బుష్ మరమ్మతుకు తగ్గినంతే, అన్ని వేలు పోసిన ఎస్‌యూలకూ తగ్గింది! అయితే గడియారానికి అందని తేడా ఒకటి ఉంది. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు మూడో గేరుకు దిగవలసిన అవసరం ఇప్పుడు రావడం లేదు.

స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే లోపలి రెండింటి రంగు, బయటి రెండింటి రంగు కొద్దిగా వేరుగా ఉన్నాయి. ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-3-4-2 కావడంతో ఒకే దారి పంచుకునే సిలిండర్లు వెంటవెంటనే పీలుస్తాయి, రెండోదానికి మొదటిదాని తరువాతే వంతు వస్తుంది. ఇది హెడ్ నిర్మాణంలోని సంగతి కాబట్టి నట్టులు తిప్పి సరిచేయబోలేదు.

ఎయిర్ ఫిల్టర్లు లేకుండా నడిపితే శబ్దం బాగుంటుందని ఒక మిత్రుడు చెప్పాడు. మిర్చి బస్తాల లారీలు ఎనుమాముల మార్కెట్ దారి పట్టే ఈ రోజుల్లో ఆ దుమ్ము సిలిండర్లలోకి వెళ్లనివ్వడం నాకు ఇష్టం లేక రెండు చిన్న ఫిల్టర్లు బిగించాను.

కార్బ్యురేటర్లు పొగ బయటికి వెళ్లే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉండడం వల్ల పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలు ఇప్పటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. ఏప్రిల్ ఎండలు ముదిరేలోగా మధ్యలో అల్యూమినియం రేకు అడ్డు పెట్టాలి. అట్ట మీద కొలతలు గీసి లేత్ మేస్త్రికి నిన్ననే ఇచ్చి వచ్చాను.